ఒకే గది, ఇద్దరు అతిథులు

భిలాయి ఉక్కునగరానికి దక్షిణాన ఉతై అనే చిన్న పట్టణం ఉన్నది. ఉతై చేరిన దుర్గ్ జిల్లా పండవానీ గానానికి పేరెన్నిక గన్నది. పండవానీ అంటే పాండవుల కథ. మన హరికథలో వలెనే ఇందులోనూ ఒక్కరే పాత్రలన్నీ తామై భారతాన్ని గానం చేస్తారు. ప్రక్కనుండే ‘రాగీ’ ఊకొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు నడిపిస్తాడు. భిలాయి సమీపంలోని గనియారీ గ్రామంలో 1956లో జన్మించిన తీజన్ బాయి ఈ కళను దేశదేశాలకు పరిచయం చేసి, 2019లో పద్మవిభూషణ్ పురస్కారం పొందారు. ఆమె చేతి తంబురా ఒక క్షణం భీముని గద. మరుక్షణం అర్జునుని విల్లు. వేషం మారదు, రంగం మారదు. మారేది పాత్ర స్వభావం ఒక్కటే.

రెండు పాత్రల తారతమ్యం చూపదలచిన కథకునికి ఇందులో ఒక పాఠమున్నది. తక్కినవన్నీ సమానంగా ఉంచితే గాని స్వభావంలోని భేదం స్పష్టంగా కంటికి ఆనదు.

భారతంలోనే, ఉద్యోగపర్వంలో, ఇందుకు గొప్ప ఉదాహరణ లభిస్తున్నది. తిక్కన తెనిగించిన ఈ ఘట్టం తిరుపతి వేంకటకవుల నాటకం ద్వారా తెలుగునాట పల్లెపల్లెకూ చేరింది. యుద్ధసహాయం కోరి దుర్యోధనుడు, అర్జునుడు ఒకేనాడు ద్వారకకు వచ్చారు. కృష్ణుడు నిద్రిస్తున్నాడు. ముందు వచ్చిన దుర్యోధనుడు తలవైపున్న మేలైన ఆసనంపై కూర్చున్నాడు. వెనుక వచ్చిన అర్జునుడు కాళ్ళవైపు చేతులు జోడించి నిలిచాడు. గది ఒకటే, కోరిక ఒకటే, నిరీక్షణ ఒకటే. ఒకడు గర్వి, మరొకడు వినయశీలి అని కవి వివరించనక్కరలేదు. ఎవరెక్కడ చోటు చూచుకున్నారో చెప్పితే చాలును.

అయితే ఈ ఘట్టం గొప్పతనం అంతటితో ముగియదు. దుర్యోధనుని వాదంలో న్యాయమున్నది. ముందు వచ్చినవాడను నేను, కనుక ముందుగా నా పక్షం వహించుట ధర్మమని అతడు మర్యాదగానే అడిగాడు. కృష్ణుడు ఆ మాటను కాదనలేదు. నీవు ముందు వచ్చినమాట నిజమే, కాని నేను ముందుగా చూచినది అర్జునుని. అందుచేత ఇద్దరికీ సాయపడతానన్నాడు. ఒకవైపు పదికోట్ల నారాయణ గోపాలకుల సేన, మరొకవైపు ఆయుధం పట్టని తాను. పిన్నవాడు గనుక అర్జునుడు ముందు కోరుకోవాలన్నాడు. అర్జునుడు కృష్ణుని కోరుకున్నాడు. సేన తనకు దక్కినందుకు దుర్యోధనుడు పరమానంద భరితుడయ్యాడు. అతనిని ఎవరూ వంచించలేదు. కోరినదే పొంది, సంతోషంగా తిరిగి వెళ్ళాడు. అతని పతనానికి ఆ సంతోషమే తొలి మెట్టు.

షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో ఇదే మార్గం తొక్కాడు. సీజరు హత్యానంతరం బ్రూటస్, ఆంటొనీ ఒకే వేదిక నుండి ఒకే జనసమూహంతో మాట్లాడతారు. బ్రూటస్ వచనంలో, హేతుబద్ధంగా తన చర్యను సమర్థించుకుంటాడు. ఆంటొనీ పద్యంలో, చిరిగిన వస్త్రాన్నీ గాయాలనూ చూపి కన్నీరు తెప్పిస్తాడు. ఇక్కడా రచయిత బ్రూటస్‌ను చిన్నబుచ్చలేదు. అతని మాటలకు జనం జేజేలు పలికి, అతనినే సీజరును చేయాలన్నారు. సీజరు ఏకాధిపతి కాకూడదని హత్యకు పూనుకున్నవాని మాటను వారెంతవరకు గ్రహించారో దీనివల్లనే తెలుస్తుంది. పైగా, ఆంటొనీ మాట కూడా వినమని జనాన్ని కోరి, వేదిక దిగి వెళ్ళిపోయినవాడు బ్రూటసే.

మన కథలలో, చలనచిత్రాలలో తరచుగా జరిగేది దీనికి విరుద్ధం. ధనికుడైన అన్న తల్లిని కసురుకుంటాడు. పేదవాడైన తమ్ముడు ఆమెకు గంజి పోస్తాడు. త్రాసు ముందే ఒకవైపుకు మొగ్గి ఉన్నది. తీర్పు చెప్పడానికి పాఠకునికి పనే మిగలలేదు.

ఆ కథనే న్యాయంగా చెప్పిచూడవచ్చును. అన్నకు భిలాయి కర్మాగారంలో ఉద్యోగం. తమ్మునికి ఉతైలో చిన్న దుకాణం. శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామం నుండి, తల్లికి జబ్బుగా ఉన్నదని ఒకే సాయంకాలం ఇద్దరికీ కబురందింది. వైద్యానికి ఎంత కావలసి ఉంటుందని అన్న అడిగాడు. అంతకు రెట్టింపు ఆ రాత్రే పంపి, మరునాడు పనిలోకి వెళ్ళాడు. తమ్ముడు ఏమీ అడగలేదు. దుకాణం మూసి, వట్టిచేతులతో రైలెక్కాడు. అన్న పంపిన సొమ్ముతో కొన్న మందును తల్లి తమ్ముని చేతిమీదుగా పుచ్చుకున్నది. గ్లాసు దించి, పెద్దవాడు భోజనం చేశాడో లేదో అని అడిగింది.

ఇప్పుడు అన్నను దుష్టుడనలేము. అతడు పంపిన డబ్బు లేకపోతే మందు లేదు. తమ్మునిది తెలివితక్కువతనమనీ అనలేము. ఇద్దరిలో ఎవరు మెరుగని పాఠకుడు వెంటనే తేల్చుకోలేక, తానైతే ఏమి చేసి ఉండేవాడినని ఒక్కక్షణం ఆగుతాడు. జంట ఘట్టాల ప్రయోజనం ఆ ఆగడంలోనే ఉన్నది.

ఓడిపోవలసిన పాత్రకు కూడా కథకుడు కూర్చోవడానికి మంచి ఆసనం వేయాలి. ఎక్కడ కూర్చోవాలో ఆ పాత్రే నిర్ణయించుకుంటుంది.