పేరు చెరిపే పని మనం చెయ్యొద్దు

మాది ఉండి. తల్లాప్రగడ విశ్వసుందరమ్మ 1899లో ఈ ఊళ్లోనే పుట్టింది. జాతీయోద్యమంలో పనిచేసి జైలుకెళ్లింది. 'జైలు గడియారం' అనే కవిత రాసింది. 1949లో చనిపోయింది. ముద్దుకృష్ణ 1935లో తెచ్చిన 'వైతాళికులు' సంకలనంలో చావలి బంగారమ్మ, 'సౌదామిని' పేరుతో రాసిన బసవరాజు రాజ్యలక్ష్మమ్మలతో పాటు ఆమె కూడా ఉంది. నేను పాఠం చెప్పే క్లాసులో ఉండి నుంచి వచ్చే అమ్మాయిలు ఏటా ఉంటారు. విశ్వసుందరమ్మ ఎవరని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకెవరూ చెప్పలేదు. వాళ్లు ఏ పేరు విన్నా ముందు ఫోన్ తీసి వికీపీడియా చూస్తారు. అక్కడ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అందుకే వికీపీడియాలో స్త్రీల గురించి ఎవరు, ఎలా రాస్తున్నారన్నది కంప్యూటర్ వాళ్లకొదిలేసే విషయం కాదు. సాహిత్య చరిత్ర ఎవరి చేతుల్లో తయారవుతోందన్న ప్రశ్న అది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు. డిగ్రీ అడగరు. ఏ సంపాదకుడి గడపా తొక్కనక్కర్లేదు. ఇంత అవకాశం చేతికొస్తే మనలో కొందరు దాంతో రెండే పనులు చేస్తున్నారు. ఒకటి సొంత డప్పు, రెండోది ఎత్తిరాత. ఈ రెండూ స్త్రీల చరిత్రకి ద్రోహమేనన్నది నా వాదన.

సొంత డప్పు పేజీని పట్టుకోవడం కష్టమేం కాదు. 'ప్రముఖ రచయిత్రి' అని మొదలై 'బహుముఖ ప్రజ్ఞాశాలి' మీదుగా కప్పిన శాలువాల జాబితాతో ముగుస్తుంది. ఆమె కథల్లో ఏముందో, వాటిని ఎవరు చదివి ఏమన్నారో ఒక్క వాక్యం ఉండదు. రాసింది ఆవిడో, ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థో, భర్తో అయివుంటారు. నీ గురించీ, నీ వాళ్ల గురించీ, నీ పుస్తకం అచ్చేసిన వాళ్ల గురించీ నువ్వు రాయకు, తప్పు కనిపిస్తే చర్చా పేజీలో చెప్పు, మరొకరు సరిచేస్తారు అంటుంది వికీపీడియా. డబ్బు తీసుకుని రాస్తే ఆ సంగతి బయటపెట్టి తీరాలంటుంది.

"మన గురించి మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారమ్మాయ్?" అని ఒక పెద్దావిడ నన్ను నిలదీశారు. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయలేను. ఇంగ్లీషు వికీపీడియా జీవితచరిత్రల్లో స్త్రీలవి ఈనాటికీ దాదాపు 20 శాతమే. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన వ్యాసాన్ని 2018 మే నెలలో ఆధారాలు చాలవని తిప్పికొట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకి నోబెల్ వచ్చింది! అంతకుముందు 2013లో 'అమెరికన్ నవలాకారులు' అనే జాబితాలోంచి రచయిత్రుల పేర్లు తీసి 'అమెరికన్ మహిళా నవలాకారులు' అనే పక్కగదిలోకి నెట్టడం మొదలుపెట్టారు. రచయిత్రి అమాండా ఫిలిపాకీ బయటపెట్టాక పెద్ద గొడవైంది. 'విషయ ప్రాముఖ్యత' అనే నియమం పైకి అందరికీ ఒకటే. కానీ పత్రికలు సమీక్షించని పుస్తకానికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? పితృస్వామ్యం ముందు మన పుస్తకాన్ని చదవదు, తర్వాత చదివినట్టు రుజువు చూపించమంటుంది.

ఇదంతా ఒప్పుకుంటాను. అయినా సొంత డప్పు దీనికి మందు కాదు. ఆత్మకథ రాసుకోండి, నేనే ముందు కొనుక్కుని చదువుతాను. ఆత్మకథలో 'నేను' అనే మాట బాధ్యత తీసుకుంటుంది. విజ్ఞాన సర్వస్వంలో అదే 'నేను' ముసుగేసుకుని 'ఆమె' అవుతుంది. లోకం తనని మెచ్చుకుంటున్నట్టు తనే రాసుకుంటుంది. ఇంకో సంగతి. డప్పు కొట్టుకునే పోటీలో ఎవరు గెలుస్తారు? కంప్యూటరూ, తీరికా, చెప్పినట్టు రాసిపెట్టే శిష్యులూ ఉన్నవాళ్లు. అంటే పట్నంలో ఉన్నవాళ్లు, పై కులాల వాళ్లు, పదవుల్లో ఉన్నవాళ్లు. కొల్లేటి లంకల్లో చేపల గంప ఎత్తుకునే ఆమెకి ఆ పేజీల్లో ఎప్పటికీ చోటు రాదు. మగవాళ్ల అధికారాన్ని ప్రశ్నిస్తూ మొదలైన మనం ఇంకో రకం అధికారాన్ని అక్కడ కట్టిపెడుతున్నాం.

బండారు అచ్చమాంబ 1874లో పుట్టి 1905లోనే చనిపోయింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో ఎందరో స్త్రీల జీవితాలు రాసిపెట్టింది. తన గురించి కాదు, ఇతర స్త్రీల గురించి. ఆ పుస్తకం మనకో దారి చూపించింది.

తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ గారి గురించి రాయాల్సి వస్తే 'రామాయణ విషవృక్షం'ని మెచ్చినవాళ్ల మాటతో పాటు తిట్టిపోసినవాళ్ల మాట కూడా రాయాలి, ఎవరు ఎక్కడ అన్నారో చెప్పాలి. అది ఆమెకి అవమానం కాదు. ఆమె రాతతో జనం తలపడ్డారని చెప్పే సాక్ష్యం. పొగడ్త ఒక్కటే ఉన్న పేజీ ఎవరూ చదవని రచయిత్రి పేజీలా ఉంటుంది.

ఇక ఎత్తిరాత. నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని లంక గ్రామాల్లో తిరిగి చేపలమ్మే స్త్రీల పాటలు సేకరించింది. పడవలో వెళ్లింది, వాన్లలో తడిసింది, బస్సు ఛార్జీలకి అప్పు చేసింది. సెమినార్‌లో చదివిన ఆమె వ్యాసంలోని పేరాలకి పేరాలు ఒక పేరున్న రచయిత్రి విజ్ఞాన సర్వస్వంలో దించేసింది. కింద ఆధారంగా తన సొంత పుస్తకమే పెట్టుకుంది! డప్పూ దొంగతనమూ ఒకే పేజీలో. అడిగితే "జానపదం అందరిదీ కదమ్మా" అందిట. పాట అందరిదే కావచ్చు. దాని మీద ఆ అమ్మాయి రాసిన వాక్యం మాత్రం ఆ అమ్మాయిదే.

పేరు చెరిపేస్తే ఏమవుతుందో మనకి తెలీనిది కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం'ని 19వ శతాబ్దంలో అచ్చువేసినప్పుడు పీఠిక తీసేశారు. ఆమె తన గురించి, తన కుటుంబ పరంపర గురించి చెప్పుకున్నది అందులోనే. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి వెతికి 1910లో పూర్తి పాఠం అచ్చువేయించింది. దాని మీద ప్రభుత్వం నిషేధం పెట్టింది. 1947లో గానీ అది పోలేదు. ఒక స్త్రీ పేరునీ మాటనీ తిరిగి నిలబెట్టడానికి ఇంకో స్త్రీ అంత పోరాడాల్సి వచ్చింది. ఇప్పుడు మన చేత్తో మనమే ఒక అమ్మాయి పేరు తుడిచేస్తే ఆ సంస్కర్తలకీ మనకీ తేడా ఏముంది?

చట్టం చెప్పేది తేలిక. సమాచారం ఎవరి సొత్తూ కాదు, చెప్పిన తీరు రాసినవాళ్లది. పుట్టిన ఏడాదీ, పుస్తకాల పేర్లూ తీసుకుని ఆధారం చూపించి మన మాటల్లో రాయొచ్చు. క్రియాపదం ఒకటి మార్చి, విశేషణం ఒకటి తీసేస్తే అది మన మాట అయిపోదు. కింద పేరు రాశాం కదా అని పేజీ మొత్తం దించెయ్యడమూ కుదరదు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. విశ్వసుందరమ్మ బతికుండగా అచ్చయిన కవితలు 2010 నుంచి అందరివీ. వాటిని వికీసోర్స్‌లో పూర్తిగా పెట్టొచ్చు. వాటికి ఈరోజు ఎవరో రాసిన ముందుమాటని మాత్రం ఎత్తిపెట్టకూడదు. యంత్రం చేత రాయించి అతికించడమూ ఎత్తిరాతకి చెల్లెలే. లేని పుస్తకాన్ని ఆధారంగా చూపించినా దానికి సిగ్గుండదు, మనకుండాలి.

మరి ఆధారాల్లేని స్త్రీల మాటేమిటి? ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. విజ్ఞాన సర్వస్వంలో కొత్త పరిశోధన పెట్టకూడదు, అచ్చయినదాన్నే చూపించాలి. అచ్చువెయ్యాల్సింది ఎవరు? మనమే. ఇలాంటి పత్రికల్లో రాసేవాళ్లం, కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లం. పక్క ఊరి రచయిత్రి పుస్తకం మీద తేదీ, ప్రచురణకర్త పేరుతో సహా ఒక నిజాయితీ గల సమీక్ష రాస్తే, రేపు ఎవరో అమ్మాయి ఆమె గురించి రాయడానికి అదే ఆధారం అవుతుంది. లంక పాటలు సేకరించిన విద్యార్థినికి ఒక సంచికలో పది పేజీలిస్తే ఆమె పేరు చెరపడం ఎవరి తరమూ కాదు.

మన పేజీ కోసం ఎదురుచూడ్డం మానేద్దాం. మనకి బంధువు కాని, మన పుస్తకానికి ముందుమాట రాయని, మనకి తిరిగి ఏమీ ఇవ్వలేని ఒక స్త్రీని ఒక్కొక్కరం ఎంచుకుందాం. ఆమె గురించి వెతికి, చదివి, మన మాటల్లో రాద్దాం. ప్రతి వాక్యం కిందా అది ఎవరి దగ్గర తెలుసుకున్నామో ఆ పేరు రాద్దాం.