‘నాకు లెక్కలు రావు’ అనకండి

మొన్న రాత్రి అన్నాల వేళ దాటిపోయినా మా అమ్మాయి లెక్కల పుస్తకం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఏడో తరగతి. ఏమిటా అని వంగి చూశాను. ‘ఒకాయన తన జీతంలో మూడో వంతు అద్దె కట్టాడు. మిగిలినదానిలో నాలుగో వంతు కిరాణా కొట్లో ఇచ్చాడు. ఇంకా 9,000 రూపాయలున్నాయి. అతని జీతమెంత?’ ఇదీ లెక్క. నేను నోరు విప్పేలోపలే, “నీకు లెక్కలు రావుగా అమ్మా, నాన్న వచ్చాక చెప్పించుకుంటాలే” అంది.

చురుక్కుమంది. అయినా తప్పు దానిది కాదు. నలుగురిలోనూ నవ్వుతూ “నాకు లెక్కలంటే భయమండీ” అని చెప్పుకున్నది నేనే. అది వింటూనే పెరిగింది పిల్ల.

నిజానికి ప్రతినెలా మొదటివారంలో మనం చేసే లెక్క ఇదే కదా! వెనకనుంచి వచ్చాను. చేతిలో ఉన్న 9,000 నాలుగు వాటాల్లో మూడు. అంటే వాటా 3,000. కిరాణాకి ముందు 12,000 ఉండాలి. అది మూడు వంతుల్లో రెండు. వంతుకి 6,000 చొప్పున జీతం 18,000.

“జవాబు కరెక్టే. కానీ ఎక్స్ పెట్టి చెయ్యకపోతే మార్కులివ్వరు” అంది.

సరే, ఎక్స్ పెడదాం. ఏముంది అందులో? ‘జీతం ఎంతో కొంత’ అనుకుంటాం చూడండి, ఆ ‘ఎంతో’కి పెట్టిన పేరే ఎక్స్. మన పాత గణితంలో దాన్నే ‘యావత్ తావత్’ అన్నారు. ఎంతో, అంత! అద్దె పోగా ఎక్స్‌లో 2/3 ఉంటుంది. అందులో నాలుగో వంతు పోతే దానిలో 3/4 మిగులుతుంది. 2/3లో 3/4 అంటే సగం. సగం 9,000 అయితే మొత్తం 18,000.

మరి మా అమ్మాయికి 21,600 ఎందుకొచ్చింది? మూడో వంతూ నాలుగో వంతూ కలిపి 7/12 తీసేసింది. మిగతా 5/12 విలువ 9,000 అనుకుంది. కూడికలూ భాగహారాలూ అన్నీ సరైనవే. జారిపోయింది ఒక్క మాట, ‘మిగిలినదానిలో’. కథలు రాసుకునేదాన్ని కనక ఆ మాట మీద వేలు పెట్టగలిగాను. “21,600లో 7,200 అద్దె కట్టు. మిగతా 14,400లో 3,600 కిరాణాకివ్వు. ఎంతుంది?” అన్నాను. 10,800. “అయ్యో!” అని నవ్వేసింది.

నోటిలెక్క వస్తే చాలదా, ఈ ఎక్స్ గోలెందుకు అంటారేమో. చాలదు. ‘ఒకావిడ దాచుకున్న డబ్బులో మూడో వంతుకి 1,000 కలిపితే అందులో సగమవుతుంది. ఎంత దాచింది?’ ఇక్కడ వెనకనుంచి రావడానికి చివర తెలిసిన మొత్తమేదీ లేదు. తెలియనిది రెండు వైపులా ఉంది. ఎక్స్ అనుకుంటే సగానికీ మూడో వంతుకీ తేడా ఆరో వంతు, అది 1,000. కనక 6,000. నోటిలెక్క ఆగినచోట చెయ్యందించేది ఎక్స్.

1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’లో చాలా లెక్కలు ఆడపిల్లని పిలిచి అడిగినవే. అన్ని వందల ఏళ్ల కిందటే అమ్మాయిని పిలిచి లెక్క అడిగితే, ఈనాటి తల్లులం మనమే వాళ్లని “నాన్ననడుగు” అని పంపించేస్తున్నాం!

టీచర్లకీ ఓ మనవి. పిల్ల ఇంటి పద్ధతిలో జవాబు తెస్తే కొట్టెయ్యకండి. అక్కడినుంచే ఎక్స్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇక మన సంగతి. లెక్క పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ నెమ్మదిగా చదివించండి. ఇంటి ఖర్చంతా నడుపుతూ ‘నాకు లెక్కలు రావు’ అనడం అణకువ కాదు, అబద్ధం. ఆ అబద్ధాన్ని ఆడపిల్లల ముందు ఆడడం మానేద్దాం. ఏమంటారు?