నిలిచి ఉండడమే కొలువు

గణతంత్ర దినోత్సవం నాటి ఉదయం డెలానీపూర్‌లో ఒక సహోద్యోగి గృహంలో మేము నలుగురం టీవీ ముందు ఆసీనులమై ఉన్నాము. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం వద్ద ప్రధానమంత్రి నివాళి అర్పిస్తున్నారు. అక్కడ తుపాకి పట్టి శిలవలె నిలిచిన జవానును చూచి ఆ ఇంటి చిన్నవాడు, "నాన్నా, ఊరికే నిలబడినందుకు ఆయనకు జీతం ఇస్తారా?" అని అడిగాడు. పెద్దలందరం నవ్వాము. తీరా బదులు చెప్పవలసి వచ్చేసరికి ఎవరికీ మాట తోచలేదు. ఆ బాకీని ఈ శీర్షికలో తీర్చుకొంటున్నాము.

1971 యుద్ధ వీరుల స్మృత్యర్థం 1972 జనవరి 26న ఇండియా గేటు క్రింద అమర జవాన్ జ్యోతి వెలిసింది. త్రివిధ దళాల జవాన్లు యాభై ఏళ్లు దానికి కాపు కాచారు. 2022 జనవరి 21న దానిని యుద్ధ స్మారకంలోని జ్యోతిలో విలీనం చేశారు.

ఇట్టి కొలువు ఎంత కఠినమో గ్రహించడానికి అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో అజ్ఞాత సైనికుల సమాధిని కాచిన హీథర్ జాన్‌సెన్ వృత్తాంతం తెలిసికొనదగినది. ఆ సమాధి 1921 నాటిది. 1937 నుండి రేయింబవళ్లు పహరా ఉన్నది. 1948 నుండి ఆ బాధ్యత 'ఓల్డ్ గార్డ్' అనే పదాతి రెజిమెంటుది. పదాతి దళంలో ఆనాడు స్త్రీలకు ప్రవేశం లేనందున ఈ కావలి పురుషులకే పరిమితమైంది. 1994లో ఒక మిలిటరీ పోలీసు కంపెనీ ఆ రెజిమెంటులో చేరడంతో స్త్రీలకు అవకాశం కలిగింది. మిలిటరీ పోలీసు విభాగానికి చెందిన సార్జెంట్ జాన్‌సెన్ ఆ కావలిని తానై కోరుకొన్నది.

శిక్షణ నెలల తరబడి సాగుతుంది. శ్మశానవాటిక చరిత్రను అక్షరం పొల్లుపోకుండా అప్పగించాలి. దుస్తులపై చిన్న ముడత కూడా తప్పే. సమాధి ముందు ఇరవై ఒక్క అడుగులు నడచి, ఇరవై ఒక్క సెకన్లు నిలిచి, మరల ఇరవై ఒక్క అడుగులు. తుపాకి ఎప్పుడూ సమాధికి అవతలి భుజంపైనే ఉండాలి. నడిచే రక్షకుడు హోదా చిహ్నం ధరించడు. లోపల ఉన్నవారి హోదా తెలియదు గనుక వారిని మించరాదని నియమం. (సభలలో ముందు వరుస కుర్చీల కొరకు జరిగే తగవులు మాకు జ్ఞాపకం వచ్చాయి.) 1996 మార్చి 22న జాన్‌సెన్ సమాధి రక్షక చిహ్నం పొందిన తొలి మహిళ అయినది. ఆ చిహ్నానికి కళంకం తెచ్చినవారి నుండి, సైన్యం విడిచిన తరువాత సైతం, దానిని వెనుకకు తీసికొంటారు.

ఆమె చిహ్నం పొందిన నాటికి అక్కడ వియత్నాం యుద్ధపు అజ్ఞాత సైనికుడు కూడా ఉన్నాడు. 1984లో ఉంచారు. కుటుంబం పట్టుబట్టగా 1998 మే నెలలో ఆ అవశేషాలను వెలికి తీసి, డీఎన్ఏ పరీక్ష జరిపారు. 1972 మే 11న కూలిన విమానంలోని వైమానికుడు మైకేల్ బ్లాసీ అని తేలింది. జూలైలో ఆయనను స్వస్థలమైన సెయింట్ లూయిస్‌లో ఖననం చేశారు. పేరు దొరికినవాడు ఇంటికి వెళ్లాడు. ఆ గది నేటికీ ఖాళీగానే ఉన్నది. మిగిలిన ముగ్గురి కొరకు పహరా నడుస్తూనే ఉన్నది.

ఇదంతా చెప్పగా చిన్నవాడు శ్రద్ధగా విన్నాడు. మన ద్వీపాలలో పేరులేని 21 దీవులకు 2023 జనవరి 23న పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టిన సంగతి వాడు బడిలో నేర్చినవాడే. "ఆ ముగ్గురి పేర్లు కూడా దొరికితే?" అన్నాడు. మా వద్ద జవాబు లేదు. జీతం మాత్రం ఇస్తారని చెప్పాము.

"రాత్రి ఎవరూ చూడనప్పుడు కూడా నడుస్తారా?"

"నడుస్తారు."

వాడు తండ్రి వైపు చూచాడు. ఆయనకు ఆ రాత్రి షిఫ్టు ఉన్నది. భోజనం ముగించి కాసేపు కన్ను మూయడానికి లోపలి గదిలోనికి వెళ్లారు. మేము టీవీ శబ్దం తగ్గించాము.