ఆ బంతి ఎవరిది?



పోయిన నెల ఒక ఆదివారం మా బావమరిది వచ్చి, కాఫీ చల్లారిపోయేవరకు మాట్లాడకుండా కూర్చున్నాడు. చద్దర్ల దుకాణంలో లెక్కలు వ్రాసే మనిషి. డబ్బు విషయమైతే తప్ప అంత మౌనం వహించడు. చివరకు, "బావా, మా అమ్మాయి టెన్నిసులో ఇక సింగిల్సు ఆడదట, డబుల్సు ఒక్కటే ఆడుతుందట. సగం ఆటకు నన్ను పూర్తి ఖర్చు పెట్టమంటావా?" అన్నాడు.

అమ్మాయికి పదునేడేండ్లు. రాకెట్టు పట్టి తొమ్మిదేండ్లయినది. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగల పాండిత్యం మాకు లేదు. ఈ మధ్య సంవత్సరాలలో మన షోలాపూరులోనే స్త్రీల అంతర్జాతీయ టెన్నిసు పోటీలు జరిగినవి గదా. అటువంటి పోటీ ఒకటి చూచి వచ్చిన తరువాత మాట్లాడుకుందామని చెప్పి, ఆఫీసులో ఒక పూట సెలవు పెట్టి, తండ్రీకూతుళ్ళను వెంటబెట్టుకొని వెళ్ళాము.

ఈ పోటీల సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చే వింబుల్డన్ వంటివి మేడపై అంతస్తు. దానికి ఎక్కే మెట్లు అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య నడిపే చిన్న పోటీలు. బహుమతి సొమ్మును బట్టి వాటికి అంతరాలున్నవి. 15 వేల డాలర్లది అడుగు మెట్టు. ఆపైన ఇంకా పెద్ద మెట్లున్నవి. 15 వేలంటే గెలిచినవారికి ఇచ్చే మొత్తం కాదు, అందరికీ కలిపి పంచే మొత్తం.

డబుల్సుకు కోర్టు వెడల్పు 36 అడుగులు, సింగిల్సుకు 27. పొడవు రెంటికీ 78 అడుగులే. ఈ మెట్టులో డబుల్సు ఆటను త్వరగా తేల్చే నిబంధనలున్నవి. గేములో నలభై–నలభై అయితే ఒక్క పాయింటుతోనే ఆ గేము ముగుస్తుంది. చెరొక సెట్టు గెలిస్తే మూడవ సెట్టు ఉండదు. ముందుగా 10 పాయింట్లు చేసినవారిదే గెలుపు, అయితే తేడా రెండు ఉండాలి. గంటన్నర కష్టం చివరి పది నిమిషాలలో అటో ఇటో అయిపోతుంది.

మేము చూచిన ఆటలో ఒక జంటలో మన దేశపు పిల్ల ఒకతె, పొడుగాటి విదేశీ పిల్ల ఒకతె. ఆ వారమే జంట కట్టినారని పక్కనున్నవారు చెప్పారు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. మొదటి సెట్టు పోయినది, రెండవది వచ్చినది. ఆఖరి పాయింట్లలో ఎనిమిది–ఎనిమిది దగ్గర బంతి ఇద్దరి నడుమకు వచ్చినది. నీదని ఈమె, నీదని ఆమె, ఇద్దరూ ఆగిపోయారు. బంతి మధ్యనుండి వెళ్ళిపోయినది. మరుసటి పాయింటుతో ఆటే పోయినది.

మా బావమరిది ముందుకు వంగి చూస్తున్నాడు. ఇప్పుడు తగవు పడతారని ఆయన అనుకున్నాడట. పొడుగుపిల్ల తన గుండె మీద చెయ్యి పెట్టుకొని తప్పు నాది అన్నట్లు తల ఊపినది. రెండవ పిల్ల కాదు కాదని తన వేలు తనవైపే చూపుకొన్నది. తరువాత ఇద్దరూ నవ్వి, సంచులు భుజాన వేసుకొని వెళ్ళిపోయారు.

మేము ఇరవైయేండ్లకు పైగా గుమాస్తాగా ఉన్నాము. లెక్కలో ఒక అంకె తప్పుపడితే ప్రతివారి వేలూ పక్క బల్లవైపే తిరుగుతుంది, మాది కూడా. ఆ పిల్లలను చూచి మాకు కొంచెం సిగ్గు వేసినది.

అయితే మంచితనంతో రైలు టిక్కెట్టు రాదు. తిరిగి వస్తూ బావమరిది లెక్క వేశాడు. ఆ పోటీలో సింగిల్సుకు 32 మంది, డబుల్సుకు 16 జంటలు. సొమ్ములో పెద్దవాటా సింగిల్సుకే. డబుల్సుకు దక్కే చిన్నవాటాను కూడా జంటలో ఇద్దరు పంచుకోవాలి. ప్రయాణం, బస, భోజనం, రాకెట్టు తీగెలు, శిక్షకుని జీతం, అన్నీ పైఖర్చులు. మొదటి ఆటలో ఓడితే ఇంటినుండి తెచ్చిందే పోతుంది. అందుకే ఈ మెట్టులో చాలామంది ఒకే వారం రెండు ఆటలూ ఆడతారు.

మరి డబుల్సు దండగా? కాదు. మన జిల్లాలోని బార్షీ అమ్మాయి ప్రార్థనా తోంబరే 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో హైదరాబాదు సానియా మీర్జాతో కలిసి డబుల్సులో కాంస్యం తెచ్చినది. 2016లో ఇద్దరూ రియో ఒలింపిక్సులో ఆడారు. సానియా 2015లో డబుల్సులో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చి, ఆ ఏడే మార్టినా హింగిస్‌తో వింబుల్డన్ గెలిచినది. అయితే ఆమె సింగిల్సు మానినది 2013లో. అంతకుముందు 2007లోనే సింగిల్సులో 27వ స్థానం దాకా ఎక్కినది. మణికట్టుకు దెబ్బలు తగిలి, శరీరం మొరాయించిన మీదట డబుల్సుకే నిలిచినది.

ఈ మాటే అమ్మాయికి చెప్పాము. "సింగిల్సులో ఓడితే అందరూ నన్నే చూస్తారు మామయ్యా" అని నెమ్మదిగా అన్నది. అప్పుడు గాని అసలు సంగతి మాకు తెలియలేదు. పిల్ల డబుల్సును కోరలేదు, ఒంటరితనానికి భయపడినది. మగ్గమున్న ఇళ్ళవారికి చెప్పనక్కరలేదు, పడుగు బలహీనమైతే పేక దానిని కాపాడలేదు. ఒంటరిగా నిలువగల ఇద్దరు కలిస్తేనే మంచి జంట.

చివరకు కుదిరిన ఒప్పందం ఇది. ముందు పన్నెండవ తరగతి పరీక్ష. తరువాత రెండేండ్లు ఆట, సింగిల్సు, డబుల్సు రెండూ. ఖర్చుల పుస్తకం అమ్మాయే వ్రాయాలి, నెలకొకసారి తండ్రి చూడాలి. రెండేండ్లకు మళ్ళీ కూర్చోవాలి. బావమరిది పూర్తిగా తృప్తి పడలేదు. కాని ఈసారి కాఫీ వేడిగానే త్రాగాడు.

లేచేటప్పుడు అమ్మాయి అడిగినది: "మామయ్యా, ఇంతకూ ఆ బంతి ఎవరిది?"

ముందుగా నాది అన్నవారిది అన్నాము. ఆఫీసుకు వెళ్ళిన తరువాత ఆ మాట మాకే గుర్తుండాలి.

పిల్లలను ఆటలకు పంపుతున్న తల్లిదండ్రులెవరైనా మీ ఇంటి లెక్క ఎట్లా కుదుర్చుకున్నారో మాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. వచ్చే నెల మరల కలుసుకుందాము.