ఆపే హక్కు

తెలుగులో సోమరితనాన్ని చెప్పే మాటలు చాలావరకు ఒంటి మీదే ఉంటాయి. "ఆమెకి ఒళ్ళు వంగదు." "ఒళ్ళు దాచుకుంటుంది." పట్టుదల గురించి చెప్పాలన్నా ఒళ్ళే కావాలి. నడుం కట్టాలి, నడుం బిగించాలి. మన భాష సంకల్పాన్ని నడుములో పెట్టింది. మరి ఆ నడుమే ఏళ్ళ తరబడి నొప్పెడుతున్న స్త్రీ సంగతేమిటి? ఒళ్ళు వంగకపోవడం ఆమె విషయంలో అక్షరాలా నిజం. కానీ ఆ మాట అనగానే లోకానికి వినిపించేది మాత్రం బద్ధకం.

పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం రాస్తున్న రోజుల్లో మొదలైన నడుంనొప్పి, మెడనొప్పి పట్టా వచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఎనిమిదేళ్ళయింది. ఈ ఎనిమిదేళ్ళలో మందుల కంటే ఎక్కువగా నాకు అందింది ఒక ప్రశ్న: "వ్యాయామం చేయొచ్చుగా?" దాని వెనకే ఒక తీర్పు: "నీకు మోటివేషన్ లేదు." డాక్టర్లు, బంధువులు, సహోద్యోగులు, ఆఖరికి స్త్రీవాద మిత్రులు కూడా ఈ తీర్పు చెప్పారు. నా పేచీ ఈ తీర్పుతోనే.

వ్యాయామంతో నాకు పేచీ లేదు. మూడు నెలలకు మించి ఉండే, లేదా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ దీన్ని వేరే జబ్బుకి తోకగా మాత్రమే చూడకుండా, దానికంటూ ఒక చోటు ఇచ్చింది. వేరే కారణమేదీ సరిపోని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్, నల్లమందు జాతి మాత్రలు మొదలుపెట్టవద్దని, వ్యాయామం ఇవ్వాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో చెప్పింది. కదలిక మేలు చేస్తుంది. నేనూ చేస్తున్నాను. ప్రశ్న అది కాదు. ఏ కదలిక, ఎవరి ఆధీనంలో ఉన్న కదలిక అన్నది ప్రశ్న.

"ఇంట్లో ఇంత పని చేస్తున్నావు, అదే వ్యాయామం కదా" అని ఒక పక్క. "ఇంత పని చేసినా నొప్పులంటే సరైన వ్యాయామం లేకే" అని ఇంకో పక్క. రెండూ ఒకే నోటి నుంచి రావడం నేను విన్నాను. ఇంటిచాకిరీకీ వ్యాయామానికీ తేడా కండరాలలో లేదు. రెండింట్లోనూ వంగుతాం, లేస్తాం, బరువెత్తుతాం. తేడా ఆపగలగడంలో ఉంది. ఆరు నిమిషాలు నడవాలనుకుంటే ఆరో నిమిషంలో ఆగుతాను. అది వ్యాయామం. సగం తోమిన గిన్నెల దగ్గర, పొయ్యి మీద పొంగుతున్న అన్నం దగ్గర, మంచంలో ఉన్న అత్తగారిని పక్కకి తిప్పుతున్నప్పుడు ఆగలేను. అది చాకిరీ. ఆపే హక్కు లేని కదలికని వ్యాయామం అనడం అబద్ధం.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. ఐదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించబోతే, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి వ్యాయామం చేయాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే రోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ ఇరవై నిమిషాలు ఎవరి పద్దులోంచి తీయాలో చెప్పకుండా మోటివేషన్ గురించి మాట్లాడేవాళ్ళు లెక్క రానివాళ్ళు కారు, లెక్క చెప్పదలుచుకోనివాళ్ళు.

ఆపే హక్కు మానవతా వాదం మాత్రమే కాదు, వైద్యం కూడా. నొప్పితో బతికేవాళ్ళకి ఒక చక్రం బాగా తెలుసు. కాస్త తెరిపిగా ఉన్న రోజు పెండింగు పనులన్నీ ఒక్కసారే చేసేస్తాం. తర్వాత మూడు రోజులు మంచమే. అమెరికన్ మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ 1976 నాటి తన పుస్తకంలో దీనికి ఒక ఉపాయం చెప్పాడు. నొప్పి వచ్చేదాకా చేసి ఆగకూడదు. ముందే లెక్క పెట్టుకుని, ఆ లెక్క దగ్గర ఆగాలి. లెక్కని మెల్లగా పెంచాలి. నొప్పి గురించి రోగి మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్ళు పట్టించుకోకూడదన్న ఆయన ధోరణి నాకు ఒప్పుదల కాదు. ఆడవాళ్ళ నొప్పిని పట్టించుకోకపోవడం మన ఇళ్ళకి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. కానీ లెక్క దగ్గర ఆగడం అన్న మాట మాత్రం బంగారం. బాగున్న రోజు కూడా ఆగాలి, అదే కష్టం. దీర్ఘకాలిక అలసట జబ్బు, అంటే ఎంఇ/సిఎఫ్ఎస్ ఉన్నవాళ్ళకి ఇలా లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామం కూడా పెట్టవద్దని నైస్ సంస్థే 2021లో చెప్పింది. అందరి ఒంటికీ ఒకటే మంత్రం లేదు.

ఇక నేనుండే మూసాపేట సంగతి. ఒక పక్క సనత్‌నగర్, బాలానగర్ పాత కార్ఖానాలు, ఇంకో పక్క హైటెక్ సిటీ. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2022లో కైతలాపూర్ వంతెన వచ్చి మాదాపూర్ దగ్గరైంది. వాహనాలకి దారులు పెరిగాయి. నడిచేవాళ్ళకి? మా వైపు ఫుట్‌పాత్ ఉన్నచోట బైకులుంటాయి, బండ్లుంటాయి, లేనిచోట హైవే ఉంటుంది. అయినా నడుస్తాం. కానీ నొప్పి ఉన్న మనిషి నడిచినంత సేపూ నడవలేదు. నాలుగు అడుగులకోసారి ఆగాలి, గోడకి ఆనుకోవాలి, ఒక అరుగు మీద కూచోవాలి. మగవాడు రోడ్డు పక్కన ఆగితే అది టీ తాగడం. ఆడది ఆగితే? జయప్రభ 'చూపులు' రాసి దశాబ్దాలు దాటింది. నడిచే ఆడదాన్ని ఒకలా చూస్తారు, ఆగిన ఆడదాన్ని ఇంకోలా చూస్తారు. నగరం మనకి నడిచే హక్కు అంతో ఇంతో ఇచ్చిందేమో గానీ, ఆగే హక్కు ఇవ్వలేదు.

రోడ్డు కాకపోతే జిమ్. నేను చేరిన ఒక జిమ్‌లో గోడ మీద పెద్ద అక్షరాలతో 'నో పెయిన్ నో గెయిన్' అని ఉండేది. పన్నెండు చాలన్నానని శిక్షకుడికి ముందే చెప్పాను. "ఇంకొక్కటి మేడమ్, ఇంకొక్కటి" అన్నాడు. "మీ మైండ్ ఆపుతోంది, బాడీ కాదు" అన్నాడు. ఆ వారం నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ గోడ మీద రాత నొప్పిని కొనుక్కునేవాళ్ళ కోసం రాసింది. నొప్పితోనే నిద్రలేచేవాళ్ళ కోసం కాదు.

జిమ్ కాకపోతే ఫోన్. ఐటి కంపెనీల్లో పనిచేసే మా వీధి అమ్మాయిలకి ఆఫీసులో అడుగుల పోటీలు. రోజుకి పదివేలు. ఈ పదివేల లెక్క వైద్యశాస్త్రంలో పుట్టింది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని 'పదివేల అడుగుల మీటరు' అన్న అర్థం వచ్చే పేరుతో అమ్మింది. అమ్మకానికి పెట్టిన పేరు అరవై ఏళ్ళ తర్వాత మన అపరాధ భావానికి కొలబద్దయింది. పది గంటలు కుర్చీకి కట్టేసే ఉద్యోగమే సాయంత్రం అడుగులు లెక్క అడుగుతుంది.

ఇంకో మాట. ఈ మోటివేషన్ ప్రశ్న మాలాంటి మధ్యతరగతి ఆడవాళ్ళనే అడుగుతారు. ఐదిళ్ళలో అంట్లు తోమి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగే మనిషిని ఎవరూ అడగరు. ఆమెను అడిగేది ఒక్కటే: "నిన్న ఎందుకు రాలేదు?" పనివాళ్ళు లిఫ్ట్ ఎక్కకూడదనే అపార్ట్‌మెంట్లు మన నగరంలో ఉన్నాయి. మన ఆపే హక్కు ఆమె ఆపలేకపోవడం మీద కట్టుకున్నదైతే అది హక్కు కాదు, సౌకర్యం. మనం నడుం వాల్చాలంటే ఆమెకి జీతంతో కూడిన సెలవు ఉండాలి.

వీటన్నిటికంటే ముందు కావలసింది నమ్మకం. నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటను గౌరవించాలని, నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు స్పష్టంగా చేర్చింది. మన దగ్గర ఏం జరిగింది? నడుంనొప్పి, తెల్లబట్ట అని ఆసుపత్రికి వెళ్ళిన పల్లెటూరి ఆడవాళ్ళకి గర్భసంచి తీసేశారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. చదువుకున్నదానికి "నీ మనసులోనే ఉంది", చదువుకోనిదానికి కత్తి. రెండుచోట్లా ఆమె చెప్పింది వినలేదు.

చెప్పడానికి మాటలు లేక కాదు. తలనొప్పికి ఇంగ్లీషులో మాటలు చాలవని వర్జీనియా వూల్ఫ్ 1926లో వాపోయింది. మనకా కరువు లేదు. పోటు, సలుపు, తీపు, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి - ఒక్కొక్కటీ ఒక్కో నొప్పి. మా అమ్మమ్మ వీటిలో ఏదీ ఇంకోదానికి బదులు వాడేది కాదు. చీటీ మీదికి వెళ్ళేసరికి అన్నీ కలిపి 'పెయిన్' అయిపోతాయి.

మన స్త్రీవాదం శరీరం గురించి మాట్లాడలేదని ఎవరూ అనలేరు. 'సవాలక్ష సందేహాలు' 1991లోనే వచ్చింది. 'నీలి మేఘాలు' 1993లో వచ్చింది. కొండేపూడి నిర్మల లేబర్ రూమ్ గురించి, పాటిబండ్ల రజని అబార్షన్ గురించి రాశాక తెలుగు కవిత్వం మునుపటిలా లేదు. కానీ అవి సంఘటన ఉన్న నొప్పులు. వాటికి ఒక మొదలు, ఒక తుది ఉంటాయి, ఒక గది ఉంటుంది. సంఘటన లేని నొప్పి, మంగళవారం ఎలా ఉందో బుధవారమూ అలాగే ఉండే నొప్పి, మన విమర్శకి ఇంకా ఒక వస్తువుగా కనబడలేదు. దాంతో బతుకుతున్న రచయిత్రి సభలకి రావడం మానేస్తుంది. కొన్నాళ్ళకి "ఆవిడ ఈమధ్య రాయడం లేదు" అంటాం. ఎందుకని అడగం.

ప్రేరణ ముందు పుట్టి, కదలిక తర్వాత రాదు. నా అనుభవంలో వరస తిరగబడి ఉంటుంది. ఎవరూ పిలవని ఆరు నిమిషాలు దొరికినప్పుడు, ఆగితే ఎవరూ సంజాయిషీ అడగరని తెలిసినప్పుడు, మేడ మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ నడిచాను. రెండు వారాలకి ఏడు నిమిషాలయింది. ఏడాదికి పద్దెనిమిది. నొప్పి పోలేదు. కానీ కదలికంటే భయం తగ్గింది. రేపు కూడా నడవాలనే కోరిక ఆ తర్వాత వచ్చింది. సన్నబడడానికి కాదు, రేపటి చాకిరీకి పనికి రావడానికీ కాదు. నా ఒంట్లో నేను కాసేపు తిరగడానికి.

కాబట్టి మనలో ఒకరు నొప్పి అంటే మోటివేషన్ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ఇంట్లో ఆమె పని ఎవరు పంచుకుంటున్నారో అడగండి. కలిసి నడిస్తే అందరికంటే నెమ్మదిగా నడిచేదాని వేగంతో నడవండి. మన సభలు నాలుగు గంటల పాటు ప్లాస్టిక్ కుర్చీలకి అంటించి కూచోబెడతాయి. గంటకోసారి లేచి తిరగడానికి విరామం పెట్టండి. గోడవారగా రెండు చాపలు పరచండి. పడుకుని వినేదాన్ని కూడా శ్రోతగానే లెక్కపెట్టండి. ఇదంతా జాలి కాదు. ఇంట్లో, వీధిలో, ఆఫీసులో మనం అడుగుతున్న హక్కుని ముందు మన మధ్య అమలు చేయడం.