ఒకే తీగె, రెండు పనులు

బరంపురంలో మా యింటికి 2008లో టెలిఫోను తీగెమీదనే యింటర్నెట్టు వచ్చింది. పుణెలో చదువుకుంటున్న మా అమ్మాయి ముఖం తెరమీద కనబడగానే మా అత్తగారు కుర్చీ దగ్గరకు జరుపుకునేవారు. సరిగా అప్పుడే టెలిఫోను మోగేది; మనుమరాలు మాయమయ్యేది. “వొక్క తీగెమీద రెండు పనులేమిటే అమ్మాయ్? లైన్‌మన్ మనల్ని మోసం చేశాడు” అనేవారు. మేమూ ఆ పాపం అతని నెత్తినే వేశాము.

నిజానికి మోసమేమీ లేదు. టెలిఫోనులో మన మాట విద్యుత్ కంపనాలుగా మారి ప్రయాణం చేస్తుంది. మాట అర్థం కావడానికి సెకనుకు 300 నుంచి 3,400 వరకు కంపనాలు చాలు. రాగితీగె అంతకంటె యెన్నో రెట్లు వేగంగల కంపనాలను కూడా మోయగలదు. 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఏ.డి.ఎస్.ఎల్. పద్ధతి యీ మిగులును వాడుకున్నది. సెకనుకు సుమారు 11 లక్షల కంపనాల వరకు గల మేరను 256 పాయలుగా చీల్చి, అడుగు పాయలను మాటకు వదలి, పై వాటిమీద సమాచారం నడిపారు. యింటినుంచి పోయేదానికి కొన్ని పాయలు, యింటికి వచ్చేదానికి చాలా పాయలు. మన వాడకంలో రాబడే యెక్కువ గదా!

అయితే దూరం పెరిగినకొద్దీ వేగపు కంపనాలే ముందు నీరసిస్తాయి. అయిదు కిలోమీటర్లు దాటితే పని జరగడమే కష్టం. యెక్స్ఛేంజి పక్కనున్న మా వదినగారికి అంత చురుకుగా, వూరిచివరనున్న మాకు అంత మందంగా రావడానికి కారణం అదే.

మరి మనుమరాలు మాయం కావడమో? ప్రతి టెలిఫోనుకూ ముందు ఫిల్టరు అనే చిన్న డబ్బీ వుండాలి. అది మాట కంపనాలను మాత్రమే టెలిఫోనులోకి పోనిస్తుంది. మోగినా, యెత్తినా ఆ అలజడిని అవతలికి రానివ్వదు. హాల్లోని టెలిఫోనుకు లైన్‌మన్ పెట్టే వెళ్లాడు. వంటింట్లో మా వారు స్వయంగా తగిలించిన రెండో టెలిఫోనుకే లేదు! డబ్బీ కొన్నాక బెడద తీరింది. తరువాత వచ్చినప్పుడు లైన్‌మన్‌కు మా అత్తగారే కాఫీ కలిపి యిచ్చారు.

యిప్పుడు చాలా వూళ్లలో రాగితీగెల స్థానే గాజుపోగులు వస్తున్నవి. మీ యింట యింకా పాత తీగెమీదనే నడుస్తున్నట్లయితే, యెవరినైనా తిట్టేముందు ఆ డబ్బీలు లెక్కపెట్టండి.