యంత్రానికి తెలుగు వచ్చును, రానిది మనకే

ఉపాధ్యాయ మిత్రులారా,

"కంప్యూటరులో తెలుగు రాదండీ" అనే మాటను ఇంకా ఎన్నాళ్ళు వల్లిస్తారు? మా హోసూరు ప్రాంతపు తెలుగు పంతుళ్ళు నలుగురు కూడిన ప్రతిచోటా ఈ మాట వింటున్నాను. చెప్పేవారి జేబులోని ఫోను మాత్రం నా మొదటి కంప్యూటరు కంటె ఎన్నో రెట్లు శక్తిమంతమైనది.

ఆ కంప్యూటరును 2002లో కొన్నాను. సహకార సంఘంలో అప్పు తీసుకొని, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో అంగడి అంగడీ తిరిగి, విడిభాగాలు కూర్పించి, గంపంత మానిటరును ఒడిలో పెట్టుకొని బస్సులో తెచ్చుకొన్నాను. ర్యాము 128 మెగాబైట్లు. ఆ డబ్బుతో గొలుసు వచ్చేదని మా ఇంటావిడ నేటికీ గుర్తుచేస్తూనే ఉన్నది.

ఇంత పిచ్చి ఉన్న నేను చేసిన తప్పును ముందుగా ఒప్పుకొంటాను. తొమ్మిదేళ్ళపాటు ప్రశ్నపత్రాలు, సంధుల అభ్యాసాలు, పిల్లలు సేకరించిన సామెతలు అన్నిటినీ ఒక డి.టి.పి. ఫాంటులో కొట్టి దాచాను. అది యూనికోడు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను, తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, ఇరికించిన ఫాంటు. 2011లో హార్డుడిస్కు చెడిపోయినది. సి.డి.లు ఉన్నవి గదా అని ధైర్యంగా కొత్త యంత్రంలో తెరిచాను. అక్కడ ఆ ఫాంటు పనిచేయలేదు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు! సవర్ణదీర్ఘ సంధి ఎక్కడ ఉన్నదో నాకే తెలియలేదు. బీరువాలో మిగిలిన అచ్చుప్రతులు చూసి సగం మళ్ళీ కొట్టాను. సామెతలు పోయినవి. వాటిని చెప్పిన అవ్వలలో చాలామంది అప్పటికే లేరు.

ఆ గతి పట్టనక్కరలేదు. యూనికోడు 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినది. 2001 నాటి విండోస్ ఎక్స్.పి.లో గౌతమి ఫాంటు ఉన్నది. నా బల్లమీదనే ఉన్నది, నేనే చూడలేదు.

మరి చూసిన తరువాత కూడా మీరు చేస్తున్నదేమిటి? మాదిరి ప్రశ్నపత్రాన్ని పాత ఫాంటులోనే కొట్టించి, ఫోటో తీసి వాట్సాపులో పంపుతారు. ఆ ఫోటోలో పిల్లవాడు ఒక పదాన్ని వెదకలేడు. చూపులేని పిల్లకు పాఠ్యమైతే ఫోను చదివి వినిపిస్తుంది. ఫోటో పంపి ఆమెకు ఆ దారి మూసివేస్తున్నాము.

ఇక ఇంగ్లీషు లిపిలో తెలుగు! సాటి ఉపాధ్యాయిని ఒకరు అమ్మగారికి నొప్పిగా ఉన్నదని, సెలవు కావలెనని వ్రాశారు. నొప్పి ఎక్కడనగా కె, ఎ, ఎల్, ఎల్, యు. కళ్ళా, కాళ్ళా? మూడవ పాఠాంతరాన్ని మర్యాదకై విడిచిపెడుతున్నాను. వ్రాసినది తెలుగు పండితురాలు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం చేరిన సందేశంతో ఐఫోనులు స్తంభించినప్పుడు, "చూశారా, తెలుగు తగిలితే యంత్రమే చెడుతుంది" అని నవ్విన మిత్రులున్నారు. దోషం తెలుగుది కాదు, ఫోనుది. కొద్ది రోజులలోనే సవరణ వచ్చినది. మీ వెక్కిరింత మాత్రం ఇంకా పోలేదు.

కీబోర్డు కష్టమంటారు. ఇన్‌స్క్రిప్టులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. 'క' ఉన్న మీటమీదనే కన్నడ 'ಕ' కూడా ఉన్నది. నాకు పదిహేను రోజులు పట్టినది. అదీ వద్దంటే, నేటి ఫోనులు మాట్లాడితే వ్రాసుకొంటాయి.

తమిళులు 1999లోనే తమిళ్ 99 అనే ఒకే కీబోర్డుకు ఒప్పుకొన్నారు. 2010లో వారి ప్రభుత్వం యూనికోడును ప్రమాణం చేసినది. వారికి ప్రభుత్వం ఉన్నది. మనకు? తప్పనిసరి తమిళం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పదవ తరగతిదాకా వచ్చినది. ఇక్కడి పిల్లవాడి చేతికి పాఠ్యపుస్తకం దాటి అందే తెలుగు మనం కొట్టి ఇచ్చేదే. దానినీ చదవరాని ఫాంటులో పూడ్చిపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఆదివారం ఉదయం మా వసారాకు రండి, ఫోనులు తెచ్చుకోండి. పాత సి.డి.లు ఉంటే అవీ తీసుకొని రండి. వాటిని చదివే పెట్టె, ఇంటావిడ ఎన్నిసార్లు పారవేయమన్నా, ఇంకా నా దగ్గర ఉన్నది.